పెద్దవాళ్లకి టూర్ చూస్తున్నారా? ఎన్నింటికి లేపుతారో ముందు అడగండి

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ దాకా నడిచే జట్టు మాది. పదిమందిమి, అందరం అరవై దాటినవాళ్లమే. కార్తీకమాసం దగ్గరపడుతోందంటే ఎవరో ఒకరు ట్రావెల్స్ వాళ్లిచ్చిన కాగితం తెచ్చి నా చేతిలో పెడతారు. "ఆంటీ, ఇది మా అమ్మ తట్టుకోగలదా, చూసి చెప్పండి" అని పిల్లలు ఫోన్లు చేస్తారు. రైల్వే వాల్తేరు డివిజన్‌లో రిజర్వేషన్ కౌంటర్ వెనక 31 ఏళ్లు కూర్చున్నాను కాబట్టి ప్రయాణాల సంగతి నాకు తెలుసని వాళ్ల నమ్మకం. రైళ్ల సంగతి తెలుసు, నిజమే. టూర్ కాగితం చదవడం మాత్రం రిటైరయ్యాక, ఒక భయం చూశాకే నేర్చుకున్నాను.

తొమ్మిది రోజుల కాశీయాత్ర అది. పూరీ, గయ, కాశీ, ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం, దారిలో తగిలినవన్నీ. మావారికి అప్పటికి 71. షుగరు ఉంది, కుడి మోకాలు అరిగింది. గయ వెళ్లే రోజు కాశీలో మమ్మల్ని రెండింటికి లేపి మూడింటికి బస్సెక్కించారు. టిఫిన్ దారిలో అన్నారు. వంటవాళ్ల వ్యాను వెనకబడిపోయింది. ఈయనేమో రోజూ వేసుకునే వేళకి షుగరు మాత్ర వేసేసుకున్నారు. ఎనిమిది దాటాక నా మణికట్టు పట్టుకున్నారు. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఏమైందంటే మాట ముద్దముద్దగా వస్తోంది. తిండి లేకుండా మాత్ర పడేసరికి షుగరు పడిపోయింది. నా సంచిలో తినడానికి ఏమీ లేదు. వెనక సీట్లో విజయనగరం ఆవిడ చూసి, కాఫీలోకని తెచ్చుకున్న పంచదార పొట్లం విప్పి, "నీళ్లలో కలిపి తాగించేయమ్మా, బేగి" అంది. ఫ్లాస్కు మూతలో కలిపి గుటక గుటకగా పట్టాను. పావుగంటకి మనిషి తేరుకున్నారు. ఆ రోజు బస్సులో మొత్తం 12 గంటలు కూర్చున్నాం. ఆయన గయలో పెట్టిన పిండం వాళ్ల నాన్నగారికి. ఏ మంత్రం చెప్పారో, ఎక్కడ కూర్చున్నారో ఈరోజుకీ ఆయనకి సరిగ్గా గుర్తులేదు. నాకు మిగిలిన బాధ అదే.

ఇంటికొచ్చాక ఆ టూర్ కాగితం తీసి మళ్లీ చదివాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పిన చోటల్లా చూపించారు. కాకపోతే గంటలు రాయలేదు. అందుకే ఇప్పుడు ఏ కాగితం వచ్చినా పెన్సిల్ తీసుకుని ప్రతి రోజు పక్కనా నాలుగు అంకెలు వేస్తాను: ఎన్నింటికి లేవాలి, బస్సులో ఎన్ని గంటలు, కాళ్ల మీద ఎన్ని గంటలు, ఎన్నింటికి పడుకుంటారు. కాగితంలో లేనివి ఫోన్ చేసి అడుగుతాను. బస్సు ఆరు గంటలు దాటిన రోజులు వరసగా రెండుంటే ఆ టూర్ పక్కన పెట్టేస్తాను. ఊరికి ఒక్కో రాత్రి చొప్పున మార్చుకుంటూ పోయేది కూడా అంతే. గది మారిన ప్రతిసారీ సామాను సర్దాలి, మాత్రల డబ్బా వెతుక్కోవాలి, కొత్త బాత్‌రూమ్‌లో చీకట్లో స్విచ్ తడుముకోవాలి. మా వయసులో జారిపడేది సాధారణంగా అక్కడే. ఒక ఊళ్లో కనీసం రెండు రాత్రులు, కాశీలాంటి చోట మూడు, ఈ లెక్క మీద నేను రాజీపడను.

ఇంకోటి చాలామంది గమనించరు. హోటళ్లలో సాధారణంగా గది మధ్యాహ్నం పన్నెండుకి గానీ ఇవ్వరు. రాత్రి రైలు దిగి పొద్దున్న ఐదింటికి చేరితే ఆ ఏడు గంటలూ పెద్దవాళ్లు ఎక్కడ ఉంటారు? "ఫ్రెషప్ అవ్వడానికి రెండు గదులిస్తాం" అంటారు. నలభైమందికి రెండు గదులంటే స్నానానికి క్యూ, ఆ తర్వాత సోఫాలో కునికిపాట్లు. చేరగానే గది ఇస్తారా అని అడిగి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.

ఫోన్‌లో "దగ్గరే" అన్న మాట వినిపిస్తే ఆగండి. బస్సు దిగిన చోటు నుంచి గుడి ద్వారం దాకా ఎంత నడక, ఎన్ని మెట్లు, చెప్పులు ఎక్కడ వదలాలి, ఈ మూడూ విడివిడిగా అడగాలి. కాశీలో పెద్ద బస్సు విశ్వనాథుడి దగ్గరిదాకా రాదు. దూరంగా దిగి ఆటో ఎక్కాలి, గొదౌలియా దగ్గర అదీ దిగి జనంలో నడవాలి. చెప్పుల్లేకుండా ఎండలో రాతి మీద నడిస్తే షుగరున్న పాదానికి ఆ వేడి తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో హారతి పడవలోంచి చూపిస్తామంటారు. బాగుంటుంది, తప్పక చూడాలి. కానీ ఒడ్డున పడవలు పక్కపక్కన కట్టేసి ఉంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దాటుకుంటూ పోవాలి, అవి ఊగుతుంటాయి. చెయ్యి పట్టుకునే మనిషి ఉంటాడా అని అడగండి. ప్రయాగలోనూ ఇంతే. త్రివేణీ సంగమం దాకా పడవలో వెళ్లి, నీళ్ల మధ్య కట్టిన బల్లల మీదికి దిగి స్నానం చేయాలి. వేణీదానం (భార్య జడ కొస కత్తిరించి సంగమంలో వదలడం) చేయించుకునే దంపతులకి అక్కడ మరికాస్త సమయం పడుతుంది, వెనక పడవవాడు తొందర పెట్టకుండా చూసుకోవాల్సింది టూర్ మేనేజరే. గయలో విష్ణుపాదం, ఫల్గు నది, అక్షయవటం, మూడు చోట్లా కార్యక్రమం. కింద కూర్చోలేనివాళ్లకి పీటో కుర్చీయో ఇప్పిస్తారా అన్నది ముందే మాట్లాడుకోండి. పిండప్రదానం చేయాలనుకునేవాళ్లు గయలోనే ఒక రాత్రి ఉండే టూర్ చూసుకోవాలి. కాశీ నుంచి దాదాపు 250 కిలోమీటర్లు, పోనూ రానూ ఒక్కరోజులో అయ్యే పని కాదు. కుర్రాళ్లకైతే అవుతుంది, వాళ్ల నాన్నలకి కాదు.

మిగతా క్షేత్రాలకీ ఇలాగే ఒక్కో చోట ఒక్కో చిక్కు ఉంటుంది. పూరీలో సింహద్వారం దాటగానే 22 మెట్లు. రామేశ్వరంలో 22 తీర్థాల స్నానం, తడిబట్టలతో, తడినేల మీద. పంచారామాల్లో ద్రాక్షారామంలోనూ సామర్లకోటలోనూ లింగం రెండంతస్తుల ఎత్తు, పైభాగం చూడాలంటే మెట్లెక్కాలి. ఆ అయిదు ఆరామాలూ ఒక్కరోజులో చుట్టేస్తామంటే, మోకాళ్ల మాట ముందు ఆలోచించండి. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తులో ఉంది, గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల కొండదారి. హెలికాప్టర్ ఉంది కదా అంటారు. హెలికాప్టర్ కాళ్లని కాపాడుతుంది గానీ ఊపిరిని కాపాడలేదు. మెల్లగా ఎక్కుతుంటే ఒంటికి అలవాటయ్యే ఎత్తుకి నిమిషాల్లో తీసుకెళ్లి దింపేస్తుంది. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరు మాట వినకుండా డబ్బు కట్టొద్దు. బదరీనాథ్ దాకా రోడ్డుంది. అక్కడికి వెళ్లాలనుకుంటే మధ్యలో పీపల్‌కోటిలోనో జోషీమఠ్‌లోనో రాత్రి ఆపే టూర్ చూడండి. మేమిద్దరం కేదారం వద్దనుకున్నాం.

రైలు బెర్తుల సంగతి నా కౌంటర్ అనుభవంతో చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి. రైల్వేలో కింది బెర్తు కోటా ఉంది: మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 ఏళ్లు నిండితే చాలు. కానీ ఆ కోటా ఒక్కరే ప్రయాణించేటప్పుడు, లేదా ఒకే టికెట్ మీద అలాంటివాళ్లు ఇద్దరు ఉన్నప్పుడే వర్తిస్తుంది. ట్రావెల్స్ వాళ్లు పని తేలికని ఆరుగురిని ఒకే టికెట్‌లో వేసేస్తారు. అంతే, కోటా పోయింది. డెబ్బై ఏళ్ల ఆవిడ పై బెర్తు నిచ్చెన పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. "మా ఇద్దరికీ వేరే టికెట్ తీయండి, సీనియర్ సిటిజన్ కోటాలో" అని ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే రైలు టికెట్ మీరే తీసుకుని, దిగిన ఊళ్లో వాళ్లతో కలవండి, ఆ మేరకు డబ్బు తగ్గించమనండి. ఇక టికెట్టు ధరలో వృద్ధుల రాయితీ 2020 మార్చి నుంచి లేదు. అది కలిపి తక్కువ ధర చెబుతున్నామని ఎవరైనా అంటే నమ్మకండి.

భారత్ గౌరవ్ యాత్రా రైళ్లు మంచివేనా అని చాలామంది అడుగుతుంటారు. సామాను రైల్లోనే ఉంచుకోవచ్చు, అదో సుఖం. స్లీపర్ ఉంటుంది, ఏసీ తరగతులుంటాయి. పెద్దవాళ్లయితే స్లీపర్ వద్దు. రాత్రుల్లో రైల్లో ఎన్ని, హోటల్లో ఎన్ని అని లెక్కపెట్టండి. వరసగా మూడు రాత్రులు రైల్లోనే అంటే నడుము నిలవదు. మనకి ఇంకో సంగతి ఉంది. విశాఖ స్టేషన్‌లోకి వస్తే ఇంజిను తిప్పుకోవాలి కాబట్టి కొన్ని రైళ్లు దువ్వాడ, పెందుర్తి మీదుగా పోతాయి. ఎక్కేది ఎక్కడో కనుక్కోండి.

నిర్వాహకుల్ని ఎంచుకోవడానికి నాకు ఒకటే పరీక్ష. రెండోసారి వెళ్లేముందు ముగ్గురికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను: "బాబూ, మూడో రోజు ఎన్నింటికి లేపుతారు?" ఒకతను "అది అప్పటి పరిస్థితిని బట్టండీ" అన్నాడు. ఇంకొకతను "మీకేం ఇబ్బంది ఉండదమ్మా, మాతో ఎనభై ఏళ్లవాళ్లూ వస్తారు" అన్నాడు. మూడో అబ్బాయిది ద్వారకానగర్‌లో చిన్న ఆఫీసు. "ఐదున్నరకమ్మా. గయ రోజు మాత్రం కష్టంగానే ఉంటుంది. సార్‌కి మోకాలు నొప్పంటున్నారు కాబట్టి నైమిశారణ్యం మానేసి ఆ రోజు రూమ్‌లో ఉండండి, భోజనం పంపిస్తాను" అన్నాడు. ఏది కష్టమో, ఏది మానుకోవచ్చో తనంతట తాను చెప్పిన మనిషితోనే వెళ్లాం. అతనితో పాటు ఇంకో కుర్రాడు ఉన్నాడు. అతని పని గుంపులో చివర నడవడం. ముందు జెండా పట్టుకుని వెళ్లేవాడు అందరికీ ఉంటాడు. వెనక నడిచేవాడు ఉన్నాడా అని తప్పకుండా అడగండి. గుంపులో వయసులు కూడా అడగండి. ముప్పైల్లో వాళ్లు ఎక్కువుంటే బస్సు వాళ్ల వేగంతోనే నడుస్తుంది, ఎవరి తప్పూ కాదు.

బస్సులో సీటు ఎలా ఇస్తారో కనుక్కోండి. వెనక చక్రం దాటిన వరసల్లో కుదుపులెక్కువ, నడుం నొప్పివాళ్లకి అవి వద్దు. రోజూ సీట్లు మారుస్తామంటే, ఎవరికి మినహాయింపో ముందే తేల్చుకోండి. రెండు గంటలకోసారి బాత్‌రూమ్ కోసం ఆపాలి. ఈ మాట అడగడానికి మన ఆడవాళ్లు మొహమాటపడి, నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో కళ్లు తిరుగుతాయి, మూత్రంలో మంట మొదలవుతుంది. మొహమాటపడకండి తల్లీ. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేది) వేసుకునేవాళ్లు బస్సు రోజుల్లో ఏ వేళకి వేసుకోవాలో డాక్టర్ని అడిగి వెళ్లండి. గదిలో వెస్ట్రన్ కమోడ్, లిఫ్ట్, ఇవి సరేసరి.

మన యాత్రల్లో వంటవాళ్లని వెంట తీసుకెళ్తారు. పప్పు, చారు, వేడన్నం దొరుకుతాయి, నాకిది నిజంగా ఇష్టం. కానీ వంటయ్యేదాకా ఆగాలి, మధ్యాహ్నం భోజనం మూడింటికి పెట్టిన రోజులున్నాయి. అందుకే షుగరున్నవాళ్ల చేతిసంచిలో బిస్కెట్లు, అరటిపళ్లు, గ్లూకోజ్ పొట్లం ఉండాల్సిందే. టిఫిన్ ప్లేటు కళ్లెదుట కనబడ్డాక మాత్ర తీయండి. మాత్రలు రెండు సంచుల్లో సగం సగం పెట్టుకోండి. హోటల్ పేరు, మేనేజర్ నంబరు హిందీలో రాయించి జేబులో ఒక చీటీ ఉంచండి.

నెల చూసుకోవాలి. ఉత్తరాదిన మే నెల ఎండ మనం తట్టుకునేది కాదు. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకి రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం. అక్టోబరు చివర నుంచి నవంబరు, మళ్లీ ఫిబ్రవరి, మార్చి మొదటి సగం బాగుంటాయి.

డబ్బు కట్టేముందు ఇంటి దగ్గరే ఒక రోజు చూసుకోండి. మేం శ్రీకాకుళం వెళ్లాం. పొద్దున్నే బయలుదేరి అరసవల్లి, శ్రీకూర్మం, మధ్యాహ్నం శ్రీముఖలింగం, రాత్రికి ఇల్లు. మావారు రెండు గుళ్ల దాకా హాయిగా ఉన్నారు, మూడోదానికి బస్సు దిగలేదు. అంటే మాకు రోజుకి రెండు. కాశీ కాగితం మీద ఆ లెక్కతోనే గీతలు కొట్టాను. బొర్రా గుహల మెట్లు దిగి పైకొచ్చాక మర్నాడు మోకాలు ఎలా ఉందో చూసుకున్నా తెలిసిపోతుంది.

చివరగా, తిరిగి వచ్చే వేళ. మొదటి యాత్రలో రాత్రి రెండింటికి దువ్వాడలో దింపారు. ఈయన, నేను, రెండు సూట్‌కేసులు, గంగాజలం క్యాన్, ప్లాట్‌ఫారం మీద పోర్టరు లేడు, ఊళ్లోకి ఇంకా గంట ప్రయాణం. రెండోసారి తిరుగు రైలు వేళ ముందే అడిగి, పగటిపూట విశాఖ స్టేషన్‌లోకే వచ్చే రైలు పెట్టించుకున్నాం. టికెట్టుకి కాస్త ఎక్కువయింది. పొద్దున్న పదింటికి మా అల్లుడు ప్లాట్‌ఫారం మీదికే వచ్చాడు. కార్లో కూర్చోగానే మావారు, గయలో తను పిండం పెట్టిన చోట వటవృక్షం ఎంత ఉందో చేతులు చాపి అతనికి చూపించడం మొదలుపెట్టారు.