మార్కు సువార్తతో ఉదయం వేళ – 4వ పాఠం: తలగడ దగ్గర ఆగడం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ వారం 5వ అధ్యాయం మొదలుపెడతామని పోయినసారి చెప్పాను. మొదలుపెట్టడం లేదు. పోయిన పాఠంలో ఇచ్చిన ఏడు వచనాల దగ్గరే (4:35–41, యేసు పడవలో నిద్రపోతుండగా తుఫాను లేవడం, ఆయన దాన్ని అణచడం) చాలామంది జారారు. అది సరిచేసుకోకుండా ముందుకెళ్తే మిగిలిన పన్నెండు అధ్యాయాలూ అలాగే చదివేస్తాం.

మీలో కొందరు నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపారు. దాదాపు అన్నింట్లో మొదటి వాక్యం ఒకటే: ‘తుఫాను అంటే నా కష్టాలు.’ ఒకరికి హోమ్ లోన్, ఒకరికి అబ్బాయి ఉద్యోగం, ఒకరికి అత్తగారి ఆపరేషన్. ఆ కష్టాలన్నీ నిజమే, పేరుపేరునా ప్రార్థన చేశాను. కానీ ఒక్క పేజీలోనూ పడవ కనిపించలేదు. నీళ్లు లేవు. యేసు నిద్ర ఊసే లేదు. కథ మొదలైన నిమిషానికే పడవ దిగి మన ఇంటికి వచ్చేశాం.

ఇందులో తప్పేముంది అని ఒక అక్క ఫోన్ చేసి అడిగారు. మంచి ప్రశ్న. వాక్యం మన జీవితానికి తగలాలి కదా? తగలాలి. కానీ తుఫానంటే నా కష్టాలు అని ముందే రాసేసుకుంటే, ఆ తర్వాత ఆ భాగం మనకు చెప్పగలిగింది ఒక్కటే: ‘దేవుడు తీరుస్తాడు.’ అది మనకు చదవకముందే తెలుసు. రేపు కుష్ఠరోగి కథ వస్తుంది, అదీ నా కష్టమే. ఎల్లుండి ఎండిన చెయ్యి, అదీ నా కష్టమే. ఏడాది తిరిగేసరికి సువార్తలో ఏ పేజీ తీసినా మన మాటే మనకు వినిపిస్తుంది, ఆయన మాట వినిపించదు. వాట్సాప్‌లో వచ్చే ‘ఈరోజు వాగ్దానం’ కార్డులకు అలవాటుపడి మనకు ఈ తొందర వచ్చిందని నా అభిప్రాయం. కార్డు మీద ఒక్క వచనమే ఉంటుంది, దాని ముందూ వెనకా ఉండవు. సువార్తలో ఉంటాయి.

అందుకే ఈ వారం నియమం ఇది: పడవను ముందు పడవగా చూడండి.

38వ వచనంలో ‘దోనె అమరమున తలగడమీద’ అని ఉంది. అమరము అంటే అమరత్వం అనుకుని ఒక తమ్ముడు దాని మీద అరపేజీ రాశాడు. అమరం అంటే పడవ వెనక భాగం, చుక్కాని ఉండే చోటు. తెలియని మాట దగ్గర ఊహించకండి, నిఘంటువు చూడండి, లేదా పెద్దవాళ్లని అడగండి. ఇక తలగడ. ఇదే సంఘటన మత్తయిలో ఉంది, లూకాలో ఉంది. తలగడ మార్కులో మాత్రమే ఉంది. ఎవరో దాన్ని చూశారు, గుర్తుపెట్టుకున్నారు. పగలంతా పడవలో కూర్చుని ఒడ్డున ఉన్న జనానికి బోధించిన మనిషి, సాయంత్రం ‘ఉన్నపాటున’ అదే పడవలో బయలుదేరి, తల ఆనించుకోగానే నిద్రపోయాడు. అంత అలసట. నేను ఈ ఒక్క మాట దగ్గర నాలుగు ఉదయాలు కూర్చున్నాను. అలసిపోయిన యేసును అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

గలిలయ సముద్రం అంటాం గానీ అది మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 13. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, కొండల మధ్య ఉంటుంది కాబట్టి పైనుంచి గాలి ఒక్కసారిగా దిగుతుంది. 1986లో కరువుకు నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు బురదలో రెండు వేల ఏళ్ల నాటి చేపల పడవ ఒకటి బయటపడింది. పొడవు 8 మీటర్ల పైచిలుకు, వెడల్పు 2.3 మీటర్లు. ఆయన ఎక్కింది అదేనని కాదు, అలాంటిదని అర్థం చేసుకోవడానికి చెబుతున్నాను. హాల్లో టేపు పెట్టి కొలవండి, అందులో పన్నెండు మంది శిష్యుల్నీ ఆయన్నీ కూర్చోబెట్టండి, అప్పుడు అలల్ని రానివ్వండి. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను ఈ నీళ్ల మీదే పెరిగిన జాలరులు. వాళ్లే ‘నశించిపోవుచున్నాము’ అన్నారంటే ఆ గాలి మామూలుది కాదు. 36వ వచనంలో మరికొన్ని దోనెలు కూడా వెంట వచ్చాయి. వాటిని మీలో ఒక్కరూ రాయలేదు. గాలి అణిగినప్పుడు ఆ దోనెల్లో వాళ్లకూ అణిగింది.

ఇంకొకటి, వరస చూడండి. మత్తయిలో యేసు ముందు ‘యెందుకు భయపడుచున్నారు’ అని అడిగి, తర్వాత లేచి గాలిని గద్దిస్తాడు. మార్కులో ముందు గాలిని ఆపి, తర్వాత అడుగుతాడు. గద్దించడం, ఊరకుండుము అనడం, ఈ రెండూ 1:25లో అపవిత్రాత్మతో మాట్లాడినప్పుడు కూడా ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చదవండి. 41లో, నీళ్లు నిమ్మళించాక, వాళ్లు ‘మిక్కిలి భయపడి’ అని ఉంది. తుఫాను పోయాక వచ్చిన భయం అది. ‘కష్టం పోయింది, శాంతి వచ్చింది’ అని ముగించిన పేజీలు మళ్లీ తెరవండి.

ఇప్పుడు ప్రార్థన. చదవడం ఒకటి, ప్రార్థన వేరొకటి అన్నట్టు చేస్తున్నారు: పది నిమిషాలు చదివి, పుస్తకం మూసి, రోజూ చేసే ప్రార్థన చేసేస్తున్నారు. చదివిన మాటే ప్రార్థన కావాలి. ఈ భాగంలో ప్రార్థన రాసే ఉంది: ‘బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?’ అది స్తుతి కాదు, నిలదీయడం. ఆయన ఆ మాటకే లేచాడు. మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వార్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ‘స్తోత్రం ప్రభువా’ అందామనుకుంటే నోరు రాలేదు. ‘నీకు చింతలేదా’ అన్నాను. రాత్రంతా అదొక్కటే అన్నాను. నాన్న తిరిగి ఇంటికి రాలేదు. అయినా ఆ రాత్రి చేసిన ప్రార్థన అబద్ధం కాదని ఇప్పటికీ నమ్ముతాను. అందుకే మీకు చెబుతున్నాను, పేజీలో ఉన్న మాటను అరువు తెచ్చుకోండి. మీ కష్టాలకు చోటు ఇక్కడ, పడవంతా చూసిన తర్వాత.

12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని చార్ట్రూజ్ మఠంలో గీగో అనే సన్యాసి ఇలా చదివి ప్రార్థించడాన్ని అన్నం తినడంతో పోల్చాడు: చదవడం ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానం నమలడం, ప్రార్థన రుచి పొందడం, చివరిది ఆ తీపిలోనే ఉండిపోవడం. మన భాషలో ‘నెమరువేయడం’ అనే మాట సిద్ధంగా ఉంది. మనవాళ్లు చాలామంది నమలకుండా మింగుతున్నారు.

నా అలవాట్లు కొన్ని, నచ్చితేనే తీసుకోండి. పాత అనువాదమే చదువుతాను, ‘దిగ్గున లేచి’ లాంటి మాటలు నన్ను ఆపుతాయి. పైకి వినపడేలా చదువుతాను. పెన్సిల్ వాడతాను. ఫోన్ వేరే గదిలో ఉండాలి, ఇందులో మాత్రం నేను రాజీపడను. టైమ్ ఎంత అని అడుగుతున్నారు. పాలు కాగేలోపు అయ్యే పని కాదు, అంతే.

అభ్యాసం: మార్కు 10:46–52, బర్తిమయి అనే గుడ్డి బిచ్చగాడి కథ. ఇదీ ఏడు వచనాలే. ఏడు రోజులూ ఇదే, వేరే భాగం వద్దు. మొదటి మూడు రోజులు రోజుకోసారి చేత్తో పూర్తిగా రాయండి. ఆ మూడు రోజులూ మీ నోట్‌బుక్‌లో ‘నా’, ‘నాకు’ అనే మాటలు రాకూడదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు నోరు మూయించబోయారు, యేసు ఎప్పుడు ఆగాడు, ఇవే రాయండి. నాలుగో రోజు: 51లో యేసు అడిగిన ప్రశ్నే ఇదే అధ్యాయంలో ఇంకెవరినో అడిగాడు. వెతికి, రెండు జవాబులూ పక్కపక్కన రాయండి. అయిదు, ఆరు రోజుల్లో ఆ ప్రశ్నకు మీ జవాబు, ఒక్క వాక్యంలో, ప్రార్థనగా. ఏడో రోజు పుస్తకం మూసి, ఇంట్లో ఎవరికైనా ఈ కథ మొత్తం చెప్పండి. 50వ వచనంలో బర్తిమయి పారేసిన బట్టను వదిలేయకుండా చెప్పండి.