వ్యాలీ ఫోర్జ్ సైనికుల ఫైర్‌కేక్ ఇంట్లో చేసుకోవడం ఎలా

ఫైర్‌కేక్ అంటే ఉత్త పిండి, నీళ్లు కలిపి కాల్చిన రొట్టె, చేయడం చాలా ఈజీ, తినడమే కష్టం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777 డిసెంబర్‌లో చలికాలం గడపడానికి ఫిలడెల్ఫియా దగ్గరున్న వ్యాలీ ఫోర్జ్ క్యాంపుకి చేరిన దాదాపు 12 వేల మంది అమెరికా సైనికులకి మాంసం అందని రోజుల్లో కడుపులో పడింది ఇదే. ఫిలడెల్ఫియా వైపు ఉండే మనవాళ్లు పిల్లల్ని అక్కడి పార్కుకి తీసుకెళ్లే ముందు రోజు ఇది చేయించండి, 14 అడుగులకి 16 అడుగుల దుంగల గుడిసెలో 12 మంది ఎలా పడుకున్నారో, ఆ క్యాంపులో దాదాపు 2 వేల మంది ఎక్కువగా జబ్బులతోనే ఎందుకు పోయారో చెప్తే అప్పుడు వింటారు.

ముందు మనుషుల్ని పోగేయండి, ఒక్కరే చేసుకుంటే దీనికి అర్థం లేదు. అప్పట్లో అయిదారుగురు ఒక జట్టు, అందరికీ ఒకటే గిన్నె, ఉన్నదేదో అందులోంచే పంచుకోవాలి. కాబట్టి ఆరుగురు, రెండు కప్పుల గోధుమపిండి, నీళ్లు, ఉంటే చిటికెడు ఉప్పు. నూనె వద్దు, నెయ్యి అసలే వద్దు (అమ్మమ్మ పక్కనుంటే ఓ కన్నేసి ఉంచండి, వేసేస్తుంది).

పిండి గట్టిగా కలిపి, నానబెట్టకుండా, వేలి మందాన బిళ్లలు తట్టి పొడి పెనం మీద సన్నసెగన వేయండి. బయట నిప్పులు రాజేసుకునే వీలుంటే చదునైన రాయి మీద కాల్చండి, అసలు పద్ధతి అదే, కాకపోతే ఏట్లోంచి తెచ్చిన తడిరాళ్లు వాడకండి, వేడికి పేలతాయి. పైన మాడుతుంది, లోపల పచ్చిపిండి పంటికి అంటుకుంటుంది, కంగారు పడకండి, అదంతే.

కాలేలోపు జోసెఫ్ ప్లంబ్ మార్టిన్ సంగతి చెప్పండి. 15 ఏళ్లకే సైన్యంలో చేరిన కుర్రాడు, వ్యాలీ ఫోర్జ్ చేరేసరికి 17. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి, అటుగా పోతున్న ఇద్దరు సైనికుల్ని గుక్కెడు నీళ్లడిగితే ఊరికే ఇవ్వలేదు, దగ్గరున్న ఆఖరి మూడు పెన్నీలు తీసుకునే తాగనిచ్చారు. రెండు రాత్రులు, ఒక పగలు అతను తిన్నది రాయి మీద కాల్చుకున్న చిన్న గుమ్మడికాయలో సగం. సైన్యం ఒకటే అయినా ముక్కూమొహం తెలియనోడికి నీళ్లు అమ్ముకున్నారు మరి, అంత కరువులో తప్పు పట్టలేం కూడా. సొంత జట్టు సంగతి వేరు, 1783లో ఇళ్లకి పంపేస్తుంటే అదే మార్టిన్ ఇన్నేళ్లూ అన్నదమ్ముల్లా బతికినవాళ్లం విడిపోతున్నామని బాధపడ్డాడు. జీతం బదులు చేతిలో పెట్టిన హామీ పత్రాల్లో కొన్ని అమ్ముకుని ఒంటిమీదకి బట్టలు కొనుక్కున్నాడు.

ఆరుగురికీ అయిదు బిళ్లలే కాల్చండి, ఎలా పంచుకుంటారో వాళ్లకే వదిలేయండి, మధ్యలో దూరి తీర్పులు చెప్పొద్దు. పక్కన నీళ్లు మాత్రం పెట్టండి, లేకపోతే గొంతు దిగదు.