మూత్రాశయపు దీర్ఘకాలిక నొప్పికి పీఆర్‌పీ సూదులు: నిర్ణయించుకోవడం, సిద్ధపడడం, ఆ తర్వాత చూసుకోవడం

వానాకాలంలో డెంగీ మొదలయ్యిందంటే హైదరాబాదులో ప్రతి ఇంట్లోనూ ప్లేట్‌లెట్ల లెక్కే వినిపిస్తుంది. జుట్టు రాలడానికి వేసే పీఆర్‌పీ గురించి బోర్డులు కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా కనిపిస్తూనే ఉంటాయి. మన రక్తంలోనుంచే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి మనకే సూదిమందుగా ఎక్కించే ఆ పద్ధతిని ఇప్పుడు మూత్రాశయపు మొండి నొప్పికి కూడా వాడి చూస్తున్నారు. మా వదినకు ఈ నొప్పి ఉన్న సంవత్సరాలన్నింటిలో ఆసుపత్రులకు తోడుగా వెళ్లినదాన్ని కనుక, సూది దాకా వెళ్లేముందు చేయవలసిన పని ఎంత ఉంటుందో నాకు తెలుసు. అందుకే దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా జబ్బు పేరు. దీన్ని ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అనీ, బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అనీ అంటారు. ఇన్‌ఫెక్షన్ ఏదీ లేకుండానే మూత్రాశయం దగ్గర నొప్పి, ఒత్తిడి లేదా మంట ఆరు వారాలకు మించి ఉండి, మూత్రం నిండేకొద్దీ పెరిగి, పోసుకున్నాక కాస్త తగ్గుతూ, పగలూ రాత్రీ మాటిమాటికీ లేవవలసి వస్తుంటే వైద్యులు దీన్ని అనుమానిస్తారు. ఇది స్త్రీలలో ఎక్కువ. "ఒంటికి మంట" అని చెప్పగానే చాలామందికి దొరికేది యాంటీబయాటిక్. మా వదినకు ఒక క్లినిక్‌లో యూరిన్ కల్చర్ చేయించకుండానే ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో కోర్సులు రాశారు. ఆ తర్వాత వేరేచోట చేయించిన కల్చర్‌లో సూక్ష్మజీవులేవీ పెరగలేదు, మరోసారి చేయించినా అంతే. తనకు లేని ఇన్‌ఫెక్షన్‌కు అన్ని మందులు మింగానని తెలిసిన రోజు ఆమె పడ్డ బాధ నేను మరిచిపోలేను.

కాబట్టి మొదటి మెట్టు రోగనిర్ధారణే. పంజాగుట్ట నిమ్స్‌లోనూ, అఫ్జల్‌గంజ్ ఉస్మానియాలోనూ యూరాలజీ విభాగాలున్నాయి. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా చూపించుకోవలసింది యూరాలజిస్టుకే తప్ప, జుట్టుకు పీఆర్‌పీ చేసే క్లినిక్‌లో కాదు. కల్చర్‌తో పాటు స్కానింగ్, మూత్రం పోసుకున్నాక లోపల ఎంత మిగిలిందో చూసే కొలత, మూత్రంలో రక్తం పడుతుంటే క్యాన్సర్ కణాల పరీక్ష అవసరమవుతాయి. మన దేశంలో మూత్రాశయపు క్షయ కూడా అచ్చం ఇలాంటి లక్షణాలనే చూపిస్తుంది కనుక ఆ పరీక్ష గురించి మీరే గుర్తుచేయండి. సిస్టోస్కోపీలో, అంటే సన్నని కెమెరా గొట్టంతో లోపల చూసినప్పుడు, కొందరికి హన్నర్ పుండ్లు కనిపిస్తాయి. అమెరికా వైద్యుడు గై హన్నర్ 1915లో వాటిని వర్ణించినందువల్ల ఆ పేరు వచ్చింది. అవి ఉంటే వాటిని కాల్చి మాన్పడం, లేదా వాటిలోకి స్టెరాయిడ్ సూది వేయడం పీఆర్‌పీ కంటే ముందు ఆలోచించవలసిన చికిత్స.

రెండో మెట్టు, ఇప్పటికే నిలదొక్కుకున్న చికిత్సలు నిజంగా అయిపోయాయా అని చూసుకోవడం. తిండి విషయంలో మన వంటిల్లే మొదట అడ్డొస్తుంది: చింతపండు పులుసు, టమాటా, నిమ్మకాయ, పచ్చిమిర్చి, ఇరానీ చాయ్, కూల్‌డ్రింకులు చాలామందికి నొప్పి పెంచుతాయి. అయితే అన్నీ అందరికీ పడకపోవు. కొన్ని వారాలు అన్నింటినీ మానేసి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చుకుంటూ ఏది బాధపెడుతుందో కనిపెట్టాలి. కటి కండరాలు బిగుసుకుని ఉంటే వాటిని సడలించే ఫిజియోథెరపీ, అమిట్రిప్టిలిన్ మాత్రలు, గొట్టం ద్వారా మూత్రాశయంలోకి నింపే మందులు, బొటాక్స్ ఈ వరుసలో వస్తాయి. ఈ జబ్బుకే ఇచ్చే పెంటోసాన్ అనే మందును ఎక్కువకాలం వాడితే కంటి రెటీనా దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక కంటి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

ఇక పీఆర్‌పీ సంగతి. ప్లేట్‌లెట్ల పని రక్తాన్ని గడ్డకట్టించడంతో ఆగిపోదు, గాయం మానడానికి తోడ్పడే గ్రోత్ ఫ్యాక్టర్లను కూడా అవి విడుదల చేస్తాయి. ఈ జబ్బులో మూత్రాశయపు లోపలి పొర దెబ్బతిని, మూత్రంలోని ఘాటు పదార్థాలు కిందికి చొరబడి నరాలను రెచ్చగొడతాయని ఒక బలమైన అభిప్రాయం. ఆ పొరను తిరిగి కట్టుకునేలా చేయడమే ఈ సూదుల ఉద్దేశం. తైవాన్‌లోని హువాలియెన్‌లో హాన్-చోర్ంగ్ కువో బృందం నెలకొకటి చొప్పున నాలుగుసార్లు ఈ సూదులు వేసి, చాలామందిలో నొప్పి తగ్గిందని ప్రచురించింది. అవి ఆశ కలిగించేవే, కానీ చిన్న అధ్యయనాలు. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 2022లో సవరించిన మార్గదర్శకాలు సిఫారసు చేసిన చికిత్సలలో పీఆర్‌పీ లేదు. "గ్యారంటీగా నయం" అని ఎవరైనా చెబితే ఆ గదిలోనుంచి లేచి వచ్చేయమనే నా సలహా.

చేయించుకోవాలని అనుకున్నాక, ఆ వారంలోనే మూడు రోజుల మూత్రపు డైరీ రాయండి. గీతలున్న ప్లాస్టిక్ కొలత మగ్గు ఒకటి బాత్‌రూమ్‌లో పెట్టుకుంటే చాలు. మా వదిన గోడ క్యాలెండర్ చింపిన కాగితం వెనక నాలుగు గీతలు గీసుకుని టైము, ఎన్ని మిల్లీలీటర్లు, పదికి నొప్పి ఎంత, ముందు ఏం తిన్నది అని రాసేది. "రాత్రి 2:10, 80, ఏడు, పులిహోర" అన్న ఒక్క వరుస డాక్టరుకు పది నిమిషాల వివరణ కంటే ఎక్కువ చెప్పింది.

డాక్టరును అడగవలసినవి: ఇప్పటిదాకా మీరు ఎంతమందికి చేశారు, మత్తు ఏది ఇస్తారు, ఎన్ని చోట్ల ఎన్ని మిల్లీలీటర్లు వేస్తారు, ప్లాస్మాను వేరుచేసేది ఎవరు, ఎక్కడ, మొత్తం ఎన్ని విడతలు, ఫలితం లేకపోతే ఏ విడత దగ్గర ఆపుతారు. అన్ని విడతల ఖర్చునూ, బీమా వర్తిస్తుందో లేదో అన్నదీ కాగితం మీద రాయించుకోండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవారికి, రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నవారికి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేదా మూత్రాశయపు క్యాన్సర్ ఉన్నవారికి, గర్భిణులకు ఇది తగదు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తాయి కనుక ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు మాత్రం తమంతట తాము ఎన్నడూ ఆపకూడదు.

ఆ రోజు చేతినుంచి రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ట్యూబు బయటికి వచ్చినప్పుడు అడుగున చిక్కటి ఎరుపు, దాని మీద సన్నని తెల్లటి గీత, పైన లేత గడ్డి రంగు ప్లాస్మా కనిపిస్తాయి. ట్యూబు మీద మీ పేరు ఉందో లేదో మీతో వచ్చినవారు చూడడం మంచిది. ఆ ప్లాస్మాను సిస్టోస్కోపు ద్వారా మూత్రాశయపు లోపలి పొర కింద చాలా చోట్ల కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. కొన్నిచోట్ల రాత్రంతా కాథెటర్, అంటే మూత్రం బయటికి పోయే గొట్టం, ఉంచుతారు.

ఇంటికి వచ్చాక కొన్ని రోజులు మంట, మూత్రంలో గులాబీ ఛాయ ఉండడం సాధారణమే. నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి, ఆ కొద్దిరోజులూ సిటీబస్సులో దూర ప్రయాణాలు వద్దు. జ్వరం, చలి వచ్చినా, రక్తపు గడ్డలు పడినా, కడుపు ఉబ్బి మూత్రం అసలే రాకపోయినా ఉదయం దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఒక విడతకే తేడా కనిపించకపోవచ్చు. ప్రతి విడతకు ముందూ మళ్లీ మూడు రోజుల డైరీ రాసి, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఒకసారికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టింది అన్న రెండు అంకెలను పాత కాగితంతో పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించి, తర్వాతి సూది కావాలో వద్దో ఆ కాగితాలను బట్టే తేల్చుకోండి.