మడ అడవి బొమ్మలో దూరం, తేమ వెలుగు ఎట్ల తెచ్చిన్నంటే (నా అనుభవం)

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి బొమ్మ వేస్తే చెట్లన్నీ ఒకదానికొకటి అతికినట్టు వస్తున్నయి, దూరం కనిపిస్తలేదు, పొద్దటి తేమ వస్తలేదు అని చానామంది అడుగుతున్నరు, నాకూ గదే బాధ ఉండె. ఆకుపచ్చ ట్యూబులు మార్చిన, తెల్లరంగు కలిపిన, అంచులు మసక చేసిన, ఏదీ పన్జెయ్యలే.

కుదిరింది ఇట్ల, అక్రిలిక్ రంగులల (నీళ్లతో కలిపేవి, జల్ది ఆరేవి). ముందుగాల ఆకాశం రంగు ఎక్కువ కలుపుకున్న: టైటానియం వైట్ (తెలుపు), కొంచెం అల్ట్రామెరీన్ (నీలం), రవ్వంత ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). ఆకాశం వేసినంక మిగిలింది పారెయ్యొద్దు, అసలు పని దాంతోనే. చిట్టచివరి చెట్ల వరుసకు ఆ మిగిలిన రంగులనే కొంచెం ఆకుపచ్చ కలిపిన, నడిమి వరుసకు సగం సగం, ముందటి చెట్ల ఆకుపచ్చల ఆకాశం రంగు దాదాపు కలపలే. దూరం పోయిన కొద్దీ ముందుగాల తేలిపోయేది నీడలే, తేమగాలి వాటిమీద వెలుగు చల్లుతది, అందుకే కటిక నలుపు ముందటి వేర్ల సందుల్లనే పెట్టిన. మా నల్లగొండ దిక్కు ఎండాకాలం గాలి పొడిగ ఉంటది, దూరపు గుట్ట అంచు కూడ గీత గీసినట్టు కనిపిస్తది, మన కన్ను దానికే అలవాటు పడ్డదనిపిస్తది నాకు.

తర్వాత వెలుగు-ముదురు తేడా సరిగ్గ వచ్చిందా అని ఫోన్ల బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూసిన, మూడు వరుసలు విడివిడిగా కనిపించినయి. పూర్తిగా ఆరినంక గ్లేజింగ్ మీడియంల (రంగును పారదర్శకంగ చేసే ద్రవం) ఓకర్ పల్చగా కలిపి ఎండ తగిలే దిక్కే ఒక పూత వేసిన, అప్పుడొచ్చింది ఆ పొద్దటి వెచ్చదనం, మస్తు సంతోషమైంది.

ఇది పొద్దటి మంచు వెలుగుకే చూసిన, మిట్టమధ్యాహ్నం ఎండకు కుదురుతదని చెప్పలేను. ఆయిల్‌ల అయితే గ్లేజ్‌కు (ఈ పల్చటి పూతకు) ముందు చానా రోజులు ఆరనియ్యాలె.