కాయిల్‌ఓవర్ నాబ్ తిప్పే ముందు

కారుకి కాయిల్‌ఓవర్లు (స్ప్రింగూ, డ్యాంపర్ అనే షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే సస్పెన్షన్) వేయించుకున్నవాళ్లకు ఒక మాట. డ్యాంపర్ గట్టితనాన్ని మార్చే డ్యాంపింగ్ నాబ్‌ని ముందు పూర్తి గట్టి వైపు, ఆగేదాకా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టండి. చాలా కిట్లలో గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే గట్టిపడుతుంది, అయినా మాన్యువల్ చూడండి. ఆగాక బలవంతం చేయొద్దు, లోపలి వాల్వు పాడవుతుంది. క్లిక్కులు ముందు చక్రాలు రెండిటికీ సమానంగా, వెనక చక్రాలు రెండిటికీ సమానంగా ఉండాలి.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూసుకుని, మధ్య సెట్టింగుతో మొదలుపెట్టండి. రెండేసి క్లిక్కులు మారుస్తూ అదే రోడ్డు మీద, అదే స్పీడులో నడిపి చూడాలి. విజయవాడ వాళ్లకి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్, ఆటోనగర్ లోపలి రోడ్లు చాలు. ఫ్లైఓవర్ జాయింటు దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటే కాస్త గట్టి చేయండి. గతుకుల్లో టైరు నేలని వదిలి ఎగిరెగిరి పడుతుంటే మెత్తన చేయండి. ఎంత గట్టిగా ఉంటే అంత గ్రిప్ అని మన కుర్రాళ్ల నమ్మకం (రీల్స్ పుణ్యమే). గతుకుల రోడ్డు మీద జరిగేది దానికి పూర్తిగా రివర్స్.

ఇంకోటి, ఈ నాబ్‌తో కారు ఎత్తు మారదు, స్ప్రింగ్ గట్టితనమూ మారదు. స్పీడ్ బ్రేకర్‌కి అడుగు రాసుకుంటుంటే పెంచాల్సింది ఎత్తు. ఆయిల్ కారుతున్న డ్యాంపర్‌ని మాత్రం ఎన్ని క్లిక్కులు తిప్పినా లాభం లేదు, రిపేరుకి ఇవ్వాల్సిందే.