ఒడిశా సరిహద్దు తెలుగువారికి రైలు పాసు, రాత్రి బండిలో బెర్తు: దరఖాస్తు విధానం

ఇల్లు ఇచ్ఛాపురంలో, చదువు బరంపురంలో. లేదా ఇల్లు రాయగడలో, కొలువు పార్వతీపురంలో. సరిహద్దు దాటితే గానీ పూట గడవని కుటుంబాలు ఈ వైపు చాలానే ఉన్నాయి. ఆంధ్రా బస్సు పాసు ఒడిశా బస్సులో చెల్లదు. రైలు పాసుకు ఆ బాధ లేదు, రాష్ట్రం మారినా టికెట్ ఒకటే. అందుకే రోజూ తిరిగేవాళ్ళకు పాసే చవక. ఏడాదికి రెండు మూడుసార్లు హైదరాబాదు వెళ్ళొచ్చేవాళ్ళకు మాత్రం పాసుతో పని లేదు, వాళ్ళకు కావాల్సింది రాత్రి బండిలో బెర్తు. రెండిటికీ కౌంటర్లు వేరు, కాగితాలు వేరు.

ముందు పాసు సంగతి. రైల్వే దీన్ని సీజన్ టికెట్ అంటుంది. నెలకు ఒకటి, మూడు నెలలకు ఒకటి ఉంటాయి. నెల పాసు ధర ఒకవైపు టికెట్లు సుమారు 15 కొన్నంత. అంటే నెలలో ఎనిమిది రోజులు వెళ్ళి వస్తే డబ్బు రాబట్టుకున్నట్టే. మూడు నెలలది నెల పాసుకు 2.7 రెట్లు. సెలవులు అడ్డం రాని నెలల్లో అదే మేలు.

సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల లోపే ఇస్తారు. పలాస నుంచి బరంపురం సుమారు 75 కిలోమీటర్లు, ఇబ్బంది లేదు. నౌపడా–గుణుపురం లైను మొత్తం కలిపినా 90 కిలోమీటర్లే. కాబట్టి పర్లాకిమిడి నుంచి గుణుపురం కాలేజీకి వెళ్ళేవాళ్ళూ ధీమాగా తీసుకోవచ్చు. చిక్కు రాయగడ వాళ్ళకే. విజయనగరం దాకా పాసు దొరుకుతుంది, విశాఖపట్నం దాకా అడిగితే దూరం దాటిపోతుంది. లైన్లో గంట నిలబడ్డాక కౌంటర్ గుమస్తా నోట ఈ మాట వినడం కన్నా ముందే తెలుసుకోవడం నయం.

పాసు ఇచ్చేది జనరల్ టికెట్ల కౌంటర్లో, రిజర్వేషన్ కిటికీ దగ్గర కాదు. ఫారంలో పేరు, వయసు, చిరునామా, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్, తరగతి రాయాలి. గుర్తింపు కార్డు చూపించాలి. ఆ కార్డు నంబరు టికెట్ మీద పడుతుంది కాబట్టి రోజూ అదే కార్డు వెంట ఉండాలి. కార్డు ఇంట్లో మరిచి పాసు ఒక్కటే చూపిస్తే టీటీఈ ఒప్పుకోడు. ఫోన్లో రైల్‌వన్ యాప్ ద్వారా కూడా తీసుకోవచ్చు, అయితే అక్కడ కొన్నది మర్నాటి నుంచే చెల్లుతుంది. గడువు ముగియడానికి పది రోజుల ముందు నుంచే పొడిగించుకోవచ్చు. ఒకటో తారీఖు రద్దీలో పడకుండా ఈ వెసులుబాటు వాడుకోండి.

విద్యార్థులకు రాయితీ ఉంది. ఇది తెలియక పూర్తి ధర కట్టేవాళ్ళే ఎక్కువ. మామూలు విద్యార్థికి సీజన్ టికెట్లో సగం, ఎస్సీ ఎస్టీ విద్యార్థికి 75 శాతం తగ్గిస్తారు. ఇంకా మంచి సంగతి ఏమిటంటే, ఇంటి నుంచి బడికో కాలేజీకో వెళ్ళడానికి ఆడపిల్లలకు డిగ్రీ దాకా, మగపిల్లలకు పన్నెండో తరగతి దాకా సెకండ్ క్లాస్ నెల పాసు పూర్తిగా ఉచితం. వీటికి కావాల్సింది కాలేజీ ఇచ్చే ధ్రువపత్రం. ఇంటి దగ్గరి స్టేషన్, కాలేజీ దగ్గరి స్టేషన్ పేర్లు అందులో స్పష్టంగా ఉండాలి, ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర పడాలి. మన పేర్లతో ఇక్కడ ఒక తంటా ఉంది. ఆధార్‌లో వెంకట రావు, కాలేజీ రికార్డులో ఒడియా పలుకుబడికి బెంకట రావు అయి కూర్చుంటాడు. కౌంటర్‌కు పోకముందే కాలేజీ ఆఫీసులో సరిచేయించుకోండి.

పాసు చేతికొచ్చాక కొందరు దాన్ని సర్వరోగ నివారిణి అనుకుంటారు. అది రిజర్వేషన్ లేని పెట్టెకే. స్లీపర్లో ఎక్కి దొరికితే టికెట్ ఛార్జీకి తోడు కనీసం 250 రూపాయలు జరిమానా. సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కాలంటే ఆ అదనపు రుసుము విడిగా కట్టాలి. బరంపురంలో ఆగే వందే భారత్‌లో గానీ, రాయగడ మీదుగా విశాఖ వెళ్ళేదాంట్లో గానీ పాసు చెల్లదు.

ఇక రాత్రి ప్రయాణం. హైదరాబాదు వెళ్ళే కోణార్క్, ఫలక్‌నుమా, భువనేశ్వర్ వెళ్ళే హీరాఖండ్ లాంటి బండ్లలో స్లీపర్ తీసుకుంటే లాడ్జి ఖర్చు మిగిలినట్టే. రాత్రి పదినుంచి ఉదయం ఆరు దాకా పడుకునే హక్కు మీది. ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. ఆన్‌లైన్లో బుకింగ్ తెరుచుకున్న రోజే కొనాలంటే మీ రైల్వే బుకింగ్ ఖాతాకు ఆధార్ జోడించి ఉండాలి. కౌంటర్‌కే వెళ్తే ఒక ఫారం మీద ఆరుగురి దాకా రాయొచ్చు, ఆన్‌లైన్ సేవా రుసుమూ పడదు. ఆఖరి నిమిషంలో కొనే తత్కాల్ స్లీపర్ ముందురోజు ఉదయం 11 గంటలకు తెరుచుకుంటుంది. డబ్బు లెక్క చూసుకునేవాళ్ళు దాన్ని ఆఖరి మార్గంగానే ఉంచుకోవాలి. ఎందుకంటే తత్కాల్లో ఏ రాయితీ వర్తించదు.

స్లీపర్లో కనీసం 200 కిలోమీటర్ల ఛార్జీ పడుతుంది. బరంపురం నుంచి శ్రీకాకుళం రోడ్డుకు స్లీపర్ కొంటే దిగని ఊరి దాకా డబ్బు కట్టినట్టే. దగ్గరి ఊళ్ళకు జనరల్ టికెట్టే మేలు.

హైదరాబాదు హాస్టల్లో ఉండి సెలవులకు సొంతూరు వచ్చే పిల్లలకు స్లీపర్లోనూ రాయితీ ఉంది, మామూలువాళ్ళకు సగం, ఎస్సీ ఎస్టీలకు 75 శాతం. తగ్గేది మూల ఛార్జీ మీదే, రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములు మామూలే. కాలేజీ ఫారం తీసుకుని రిజర్వేషన్ కౌంటర్లో ఇచ్చేయాలి, ఆన్‌లైన్లో కుదరదు. వయోవృద్ధుల రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆపేశారు, తాతగారి టికెట్‌కు దాన్ని లెక్కేసుకోకండి.

తారీఖు దగ్గర జాగ్రత్త. బండి మీ స్టేషన్‌కు అర్ధరాత్రి దాటాక 12.20కి వస్తే, టికెట్ మీద వేయాల్సింది ఆ మర్నాటి తారీఖు. శనివారం రాత్రి భోంచేసి స్టేషన్‌కు పోయే మనిషికి ఆదివారం టికెట్ కావాలన్నమాట.

బరంపురం లాంటి నడిమధ్య స్టేషన్లలో వెయిటింగ్ లిస్టు చాలాసార్లు పీక్యూడబ్ల్యూఎల్ (కొన్ని స్టేషన్లకు కలిపి ఉన్న ఉమ్మడి కోటా జాబితా) అని వస్తుంది. ఇది మెల్లగా కదులుతుంది. బండి బయలుదేరే ఊరి నుంచి కొంటే సాధారణంగా వచ్చే జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్ లిస్టు) ముందు ఖరారవుతుంది. పండగ రోజుల్లో నేనైతే కోణార్క్‌కు భువనేశ్వర్ నుంచి కొని, బోర్డింగ్ స్టేషన్ బరంపురం అని కొనేటప్పుడే నమోదు చేయిస్తాను. సుమారు 165 కిలోమీటర్ల ఛార్జీ కలిసినా, దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది కనుక భారం అంత ఉండదు. బోర్డింగ్ మార్చకుండా ఊరుకుంటే భువనేశ్వర్ దాటగానే ఆ బెర్తు మరొకరికి పోవచ్చు. రాయితీ ఫారం మీద కొనేవాళ్ళకు ఈ దారి పనికిరాదు, ఫారంలో ఉన్న స్టేషన్ల మధ్యే టికెట్ ఇస్తారు. చార్టు వేసేసరికి వెయిటింగ్ లిస్టులోనే మిగిలితే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి డబ్బు ఖాతాలో పడుతుంది. కౌంటర్ టికెట్‌ను మాత్రం మీరే వెళ్ళి రద్దు చేయించుకోవాలి. అది పట్టుకుని స్లీపర్ ఎక్కడానికి వీల్లేదు.