వీకెండ్ బ్రంచ్ ఎందుకు బెడిసికొడుతుంది: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రాత్రి భోజనానికి పేరున్న రెస్టారెంట్‌లో ఆదివారం బ్రంచ్ (టిఫిన్, మధ్యాహ్న భోజనం కలిపి పొద్దెక్కాక ఒకేసారి తినేది) కూడా బాగానే ఉంటుందనుకుంటాం. తిప్పలు మొదలయ్యేది అక్కడే. బ్రంచ్‌కి మెనూ వేరు, చాలాచోట్ల పొయ్యి దగ్గర నిలబడే మనుషులూ వేరు, జనం వచ్చే తీరు మరీ వేరు. మామూలు రోజుల్లో పూటపూటకీ విడివిడిగా వచ్చే జనం శని, ఆదివారాల్లో ఓ మూడు గంటల వ్యవధిలో ఒక్కసారిగా వచ్చిపడతారు. కింద చెప్పిన చిక్కుల్లో ఎక్కువవాటికి మూలం ఇదే. అందుకే రెస్టారెంట్‌ని కాదు, ఆ రోజు ఆ వేళకి అక్కడ వంటగది ఎలా నడుస్తుందో చూసి ఎంచుకోవాలి.

రేటింగ్ 4.5 ఉంది, తింటే చప్పగా ఉంది

ఆ అంకె అన్ని పూటలకూ కలిపి, ఏళ్ళ తరబడి పోగైన సగటు. రాత్రి భోజనాన్ని మెచ్చుకున్న వందలమంది మధ్య బ్రంచ్ గురించి రాసినవాళ్ళు పదిమంది కూడా ఉండకపోవచ్చు. షెఫ్ మారినా, యజమానే మారినా పాత నక్షత్రాలు అలాగే ఉండిపోతాయి.

మ్యాప్‌లో ఆ రెస్టారెంట్ పేజీ తెరిచి, రివ్యూల్లో బ్రంచ్ అనే మాట కోసం వెతకండి. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని గత మూడు నెలలవి చదివితే చాలు. అన్నిటికంటే పనికొచ్చేవి 3 నక్షత్రాల రివ్యూలు. ఏది బాగుందో, ఏది ఆలస్యమైందో, ఏది చల్లారిపోయి వచ్చిందో విడమరిచి రాసేది వాళ్ళే. "సూపర్, తప్పక వెళ్ళండి" అని రెండు ముక్కల్లో తేల్చేసినవి లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అలాంటివి ఒకే వారంలో కుప్పగా కనిపిస్తే అనుమానించాల్సిందే.

తరవాత ఫోటోలు. రెస్టారెంట్ వాళ్ళు పెట్టినవి వదిలేసి, తినడానికి వచ్చినవాళ్ళు తీసినవి చూడండి. పగటి వెలుతురులో తీసినవైతే బ్రంచ్ వేళవే అయ్యుంటాయి. ఒకే వంటకం వేరు వేరు రోజుల్లో ముగ్గురు తీసిన ఫోటోల్లో ఎలా ఉందో పోల్చండి. ఒకదాంట్లో పచ్చసొన జారుతూ, ఇంకోదాంట్లో గట్టిపడి, మూడోదాంట్లో సాస్ విరిగిపోయి కనిపిస్తే ఆ వంటగదికి నిలకడ లేదని అర్థం. రేటింగ్ ఎంతున్నా సరే.

ఎలా వెతికినా అవే పది పేర్లు వస్తున్నాయి

"బెస్ట్ బ్రంచ్" అని కొడితే వచ్చే జాబితాలు ఒకదాన్ని చూసి ఇంకోటి రాసినవే ఎక్కువ. కొన్ని డబ్బిచ్చి వేయించుకున్నవి. ఆ పది చోట్లకే ఊరంతా పోతుంది కాబట్టి క్యూలూ అక్కడే.

వెతికే మాట మార్చండి. మీకు కావలసిన వంటకం పేరుతో వెతికితే జాబితాలకెక్కని చిన్న కిచెన్లు బయటపడతాయి. వెతికే చోటు కూడా మార్చండి: ఆఫీసులుండే ప్రాంతాల్లో మంచి కెఫేలు చాలావరకు వీకెండ్‌లో మూసే ఉంటాయి, లేదా సగం మందితో నడుస్తాయి. జనం కాపురాలుండే పేటలు, వారాంతపు సంతలు జరిగే వీధులు, పార్కుల చుట్టుపక్కల ఉన్నవాటికి శని, ఆదివారాలే అసలు గిరాకీ. సరుకు తాజాగా తెప్పించేది, మనుషుల్ని నిండుగా పెట్టేది అలాంటి చోట్లే. ఇంకో మంచి గుర్తు మెనూ పొడవు. వంటగది చిన్నదై, బ్రంచ్ మెనూలో నలభై వంటకాలు ఉంటే అందులో చాలావి ముందురోజు చేసి పెట్టినవే. పది, పదిహేను వంటకాలున్న చోటు నయం.

గంటసేపు నిలబడ్డా టేబుల్ దొరకలేదు

రద్దీ ఎక్కువగా ఉండేది 11:30 నుంచి 1:00 దాకా. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే రద్దీ గ్రాఫ్ దీనికి పనికొస్తుంది గానీ చాలామంది దాన్ని తప్పుగా చదువుతారు. అందులో గీత ఎత్తు ఆ రెస్టారెంట్‌కే వారంలో ఉండే అత్యధిక రద్దీతో పోల్చి వేసింది. రెండు రెస్టారెంట్ల గీతలు పక్కపక్కన పెట్టి ఎక్కడ జనం తక్కువో తేల్చడం కుదరదు. ఒకే చోట ఏ గంట నయమో మాత్రం తెలుస్తుంది.

నలుగురు కూర్చునే టేబుల్ ఖాళీ కావడానికి సుమారు 90 నిమిషాలు, ఇద్దరిదైతే గంట, గంటంబావు పడుతుంది. పదింటికి తెరిచే చోట మొదటి విడత పదిన్నరకల్లా నిండిపోతుంది. వాటిలో నలుగురి టేబుళ్ళన్నీ 11:30, 12:00 మధ్య దాదాపు ఒకేసారి లేస్తాయి. కాబట్టి వెళితే తెరిచే వేళకి వెళ్ళాలి, లేదంటే 11:15 ప్రాంతంలో పేరు రాయించి రెండో విడతలో ముందుండాలి. పదిన్నర, పదకొండు మధ్య వెళితే లోపల ఎవరూ లేచి ఉండరు, పన్నెండు తరవాత వెళితే మీ ముందు పాతికమంది ఉంటారు.

ఎంతసేపు ఆగాలో మీరే లెక్క వేసుకోవచ్చు. 90 నిమిషాల్ని నలుగురి టేబుళ్ళ సంఖ్యతో భాగించండి. ఎనిమిది ఉంటే సుమారు 11 నిమిషాలకో టేబుల్ ఖాళీ అవుతుంది. మీ ముందు మూడు కుటుంబాలుంటే మీ వంతుకి 45 నిమిషాలు. తలుపు దగ్గర "పది నిమిషాలండీ" అని చెబితే ఈ లెక్కతో సరిచూసుకోండి. అందరూ ఒకేసారి కూర్చున్న మొదటి విడతకి మాత్రం ఈ లెక్క పనిచేయదు.

ఐదుగురు, ఆరుగురు కలిసి వెళితే వెయిటింగ్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. రెండు టేబుళ్ళు కలపాలి, అవి పక్కపక్కనవి కావాలి, రెండూ ఒకే సమయానికి ఖాళీ కావాలి. ఇద్దరో నలుగురో అయితే ఇవేవీ అక్కర్లేదు. విడివిడిగా కూర్చోవడానికి సరే అంటే ఆరుగురిని నాలుగూ రెండుగా చెప్పేయండి. అందరూ వచ్చేదాకా కూర్చోనివ్వని చోట్లు చాలా ఉన్నాయి, ఆలస్యంగా వచ్చే ఒక్కడి వల్ల మిగతా అందరి వంతూ వెనక్కిపోతుంది.

బుకింగ్ యాప్‌లో ఖాళీ లేకపోతే వదిలేయకండి. రద్దుకి జరిమానా వేసే చోట్ల ఆ గడువు సాధారణంగా 24 గంటల ముందుంటుంది, అప్పుడే చాలామంది రద్దు చేసుకుంటారు. ఆదివారం పదకొండింటి టేబుల్ కావాలంటే శనివారం పొద్దున పది, పదకొండు మధ్య యాప్ తెరిచి చూడాలి. నోటిఫికేషన్ పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది.

వెళ్ళేసరికి బ్రంచ్ అయిపోయింది

ఆన్‌లైన్‌లో కనిపించేవి రెస్టారెంట్ తెరిచి ఉండే వేళలు, బ్రంచ్ వేళలు కావు. కొన్నిచోట్ల ఆదివారమే పెడతారు, వంటగది చివరి ఆర్డర్ చెప్పిన సమయానికి అరగంట ముందే తీసుకుంటుంది. శుక్రవారం మధ్యాహ్నం మూడు, ఐదు మధ్య ఫోన్ చేయండి, అప్పుడు అక్కడ తీరిగ్గా మాట్లాడతారు. బ్రంచ్ ఏ రోజు, చివరి ఆర్డర్ ఎన్నింటికి, మెనూనా బఫేనా, టేబుల్‌కి టైమ్ పరిమితి ఉందా అని అడిగితే సరిపోతుంది.

ఆర్డర్ ఇచ్చి నలభై నిమిషాలైంది, వచ్చిందేమో చల్లారిపోయింది

వెయిటర్ మీద విసుక్కునే ముందు వంటగదిలో ఇరుకు ఎక్కడుందో చూడాలి. పెంకు పగలగొట్టి నీళ్ళలో ఉడికించే పోచ్డ్ గుడ్డుకి మూడు నాలుగు నిమిషాలే పడుతుంది. బిజీ కిచెన్లలో వాటిని ముందే ఉడికించి ఐస్ నీళ్ళలో ఉంచి, అడిగినప్పుడు వేడినీళ్ళలో ఓ నిమిషం ముంచి తీస్తారు. ఇది మోసం కాదు, సరైన పద్ధతే. ఆలస్యం చేసేది పెనం. పాన్‌కేకులు, బేకన్ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసపు పలచటి ముక్కలు), ఫ్రెంచ్ టోస్ట్ అన్నీ ఒకే పెనం మీద పడతాయి. పాన్‌కేక్ ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు ఉండాలి, చోటు చాలా ఆక్రమిస్తుంది. టేబుల్‌లో నలుగురూ పెనం వంటకాలే చెబితే మొదటిది తయారై నాలుగోదాని కోసం కాచుకుని చల్లారుతుంది.

కాబట్టి ఒకరిద్దరు పెనం మీదవి, మిగతావాళ్ళు ఓవెన్‌లోవో చల్లగా వడ్డించేవో చెప్పండి. కాఫీ కూర్చోగానే చెప్పేయాలి, ఆహారంతో పాటు కాదు. ఒకే ఎస్ప్రెసో మెషిన్ మొత్తం హాలుకీ కాఫీ ఇస్తుంది, అక్కడి క్యూ మీకు కనిపించదు.

హాలండేజ్ సాస్ సంగతి వేరు. పచ్చసొన, వెన్న కలిపి గిలక్కొట్టిన ఈ సాస్‌ని గోరువెచ్చగానే ఉంచాలి. వేడి మరీ ఎక్కువైతే గుడ్డు గడ్డకడుతుంది, చల్లారితే వెన్న బిగుసుకుని విరుగుతుంది. రెండు గంటలకు మించి ఉంచకూడదు కూడా. అందుకే ఎగ్స్ బెనెడిక్ట్ (బన్ను మీద పోచ్డ్ గుడ్డు పెట్టి ఈ సాస్ పోసే వంటకం) తినాలనుంటే మొదటి విడతలోనే తినండి. మధ్యాహ్నం రెండింటికి వచ్చే సాస్ కొత్తగా గిలక్కొట్టిందో, పొద్దుటిదో కూర్చున్నచోటి నుంచి కనిపెట్టడం కష్టం. ప్లేటు అంచున నూనె విడిపోయి, గింజగింజలుగా కనిపిస్తే వెనక్కి పంపడానికి మొహమాటపడొద్దు.

బఫే చూడ్డానికి ఘనంగా ఉంది, తినడానికి లేదు

వేడివి 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లవి 5 డిగ్రీల లోపు ఉంచాలన్నది భద్రత నియమం. ఆ వేడిలో గంటసేపు ఉన్న స్క్రాంబుల్డ్ ఎగ్స్ (గిలక్కొట్టి, కలుపుతూ వండిన గుడ్లు) నీళ్ళు వదిలేస్తాయి, అంచుల్లో ఆకుపచ్చ రంగు తిరుగుతాయి. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలవడం వల్ల వచ్చే రంగు అది. హాని లేదు గానీ చాలాసేపటి నుంచి అక్కడున్నాయని చెప్పకనే చెబుతుంది.

డబ్బు కట్టే ముందే ఒక చుట్టు తిరిగి చూస్తామని అడగండి. లోతులేని చిన్న ట్రేలు పెట్టి తరచూ మారుస్తుంటే మంచి చోటు. గుట్టగా పోసిన పెద్ద ట్రేలు పొద్దుటి నుంచీ అవే. కళ్ళముందు చేసిచ్చే లైవ్ కౌంటర్లు ఎన్ని ఉన్నాయో, వాటి దగ్గర మనుషులు నిజంగా ఉన్నారో లేదో కూడా చూడండి. వెళ్ళేది తెరిచిన మొదటి ముప్పావుగంటలోనైతే ఏ బఫే అయినా కొంత నయమే.

బిల్లు అనుకున్నదానికంటే బాగా పెరిగింది

"అన్‌లిమిటెడ్ డ్రింక్స్" ప్యాకేజీకి మామూలుగా 90 నిమిషాలో రెండు గంటలో గడువుంటుంది. చాలాచోట్ల టేబుల్‌లో అందరూ తీసుకోవాలి. ప్యాకేజీ ధరలోంచి తిండి ధర తీసేసి, మిగిలినదాన్ని ఒక గ్లాసు ధరతో భాగిస్తే ఎన్ని గ్లాసులు తాగితే గిట్టుబాటో తెలుస్తుంది. గిట్టుబాటుకి నాలుగు గ్లాసులు దాటాల్సి వస్తే చాలామందికి నష్టమే. గడియారం కూర్చున్నప్పటి నుంచా, మొదటి గ్లాసు నుంచా అన్నది ముందే అడగండి. పన్నులు, సర్వీస్ చార్జి మెనూ ధరలో కలిసున్నాయో లేదో మెనూ చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఎదురుగా కూర్చున్నవాళ్ళ మాట వినపడటం లేదు

కారణం సిమెంటు గోడలు, గాజు, పైగా బల్లల మీద గుడ్డలు లేకపోవడం. లోపలి ఫోటోల్లోనే ఇది పట్టేయొచ్చు. కర్టెన్లు, మెత్తని సోఫాలు ఉన్నవి ఎంచుకోండి, లేదా బయట టేబుల్ అడగండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే లైవ్ సంగీతం ఏ వేళకో కూడా ఫోన్‌లోనే కనుక్కోవాలి.

శాకాహారం, అలెర్జీ

మెనూలో ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన సరిపోదు. బేకన్ వేగిన పెనం మీదే పాన్‌కేక్ పోస్తారు, ఒకే నూనెలో అన్నీ వేయిస్తారు. రద్దీ వేళ అడిగితే వెయిటర్ లోపల కనుక్కోకుండానే "పర్లేదండీ" అనేస్తాడు. శుక్రవారం ఫోన్ చేసినప్పుడే పెనం, నూనె విడిగా ఉన్నాయా అని అడిగి, బుకింగ్ మీద రాయించండి. అలెర్జీ తీవ్రమైనదైతే బఫే వద్దు: గరిటెలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మారిపోకుండా ఏ హోటలూ ఆపలేదు.